పొద్దుచేపల మడుగు

పొద్దున్నే సన్నటి తుంపర. గాలి లేదు. రేవుకోట రాజభవనం గుమ్మంలో చిన్న రాకుమారుడు గాలపుకర్ర భుజాన వేసుకుని నిలబడ్డాడు.

ఏ కాలంలోనో జరిగిన మాట. ఏడు సముద్రాలకు ఇవతల రేవుకోటను ఏలే రాజొకడు ఉండేవాడు. ఆయనకు గాలం పిచ్చి. సింహాసనం మీద కూర్చున్నా మనసంతా నీళ్ళలోనే. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పద్మకేతు, శంఖకేతు, చిత్రకేతు. వాళ్ళ తల్లి రాణి మాణిక్యాంబ.

ఒకనాడు రాజు కొడుకుల్ని పిలిచాడు. "ఏడు సముద్రాల అవతల ఒక మడుగులో పొద్దుచేప ఉందట. అరచేతంతే ఉంటుంది. పొట్ట పొద్దుపొడుపులా ఎర్రగా మెరుస్తుంది. చెవి దగ్గర కాటుకచుక్క. గాలానికి పడిందంటే గున్న ఏనుగులా లాగుతుందట. దాన్ని పట్టి తెచ్చినవాడికే రాజ్యం!"

పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. ఈ తుంపర పొద్దున చిన్నవాడు బయల్దేరాడు.

"చద్దన్నం తిని పోరా," అంది తల్లి.

"వెళ్ళొద్దు వెళ్ళొద్దంటావుగా. నీ అన్నం నువ్వే తిను."

అలిగి వెళ్ళాడు. వాడూ రాలేదు.

మాణిక్యాంబ ఆరు నెలలు ఎదురుచూసింది. తర్వాత అటుకుల మూట కట్టుకుంది.

"రాణీ, నువ్వెక్కడికి?" అన్నాడు రాజు.

"గాలం వెయ్యడానికి మాత్రం కాదు."

సముద్రపు ఒడ్డున ఒక లకుముకిపిట్ట కాలికి గాలపుదారం చుట్టుకుని గిలగిల కొట్టుకుంటోంది. రాణి దారం తెంపింది. పిట్ట తన నీలి ఈక ఒకటి పీకి నీళ్ళమీద వేసింది. ఈక కాస్తా పడవయింది.

"ఎక్కు తల్లీ, ఆ మడుగు నాకు తెలుసు. దారి నేను చూపిస్తా."

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసపు సముద్రం దాటారు. కల్లు సముద్రంలో పిట్ట రెండు గుక్కలు తాగి దారి తప్పించింది. అక్కడే మూడు రోజులు తిరిగి, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటి, మంచినీటి సముద్రం కూడా దాటితే మడుగొచ్చింది.

మడుగు ఒడ్డున బండమీద గవ్వలజటుడనే మాంత్రికుడు కూర్చుని ఉన్నాడు. జడలనిండా గవ్వలు.

"రా అమ్మా. తల్లులెవరూ రాలేదేమా అనుకుంటున్నా."

"నా పిల్లలేరీ?"

"అదిగో, ఈదుతున్నారు. నా చేపమీద గాలం వేసినవాడు చేపై పోవలసిందే! పొద్దుగూకేలోగా నీవాళ్ళను గుర్తుపట్టి తీసుకుపో. తప్పు చూపించావో, నువ్వూ చేపవే."

వాడు కళ్ళు మూసుకున్నాడు. పిట్ట రాణి భుజంమీద వాలి గుసగుసలాడింది.

"ఇన్నింటిలో ఒక్కటే అసలు చేప, తల్లీ. మిగతా అందరూ మనుషులు. ఆ అసలుదాని చెవిచుక్కలోనే వీడి ప్రాణముంది. చుక్క చెరిపితే వీడి పని సరి. మనిషి చుక్క చెరిపావో, ఆ మనిషి ఎప్పటికీ చేపే."

"అసలుది ఏది?"

"ఏమో. నాకు చేపలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆకలేస్తుంది, అంతే."

రాణి నీళ్ళలోకి చూసింది. వందకు పైగా ఉన్నాయి. పిల్లలకు చిన్నప్పుడు చెవి వెనక దిష్టిచుక్క పెట్టేది, దాన్నిబట్టి తెలుస్తుందేమో అనుకుంది. అన్నింటికీ చుక్కే. ప్రతివాడికీ ఒక తల్లి ఉంటుంది కదా.

"నాన్నా, రండిరా," అని పిలిచింది. అన్నీ వచ్చాయి.

అటుకులు చల్లింది. అన్నీ ఎగబడ్డాయి.

ఒక్కటి రాలేదు. పిలిచినా రాలేదు, చల్లినా రాలేదు. లోతు తక్కువ చోట, ఇసుకలో మూకుడంత గుంట చుట్టూ తిరుగుతోంది.

రాణి అటు పరుగెత్తింది. చిన్నవాడే. ఇంకా అలక తీరలేదు.

మోకాటిలోతు దిగింది. చెయ్యి చాచింది, ఆగింది. కొడుకని చెప్పాలా? చుక్క చెరపాలా? కొడుకే అయితే? కాకపోతే? పొద్దు చెట్లమీదికి దిగింది.

మాంత్రికుడు ఒక కన్ను తెరిచాడు. "వాడేనా అమ్మా? అవునను. ఇప్పుడే ఇచ్చేస్తా."

నోటిదాకా వచ్చిన మాటను రాణి మింగింది. వాడెందుకంత తొందరపడుతున్నాడు?

మళ్ళీ చూసింది. చేప తోకతో గుంటను ఊడుస్తోంది. ఒక రాయిని నోటకరిచి బయట పడేసింది. మళ్ళీ ఊడ్చింది. గుంట అడుగున గోధుమరవ్వ చల్లినట్టు గుడ్లు. రాణి వేలు దగ్గరికి పోగానే లటుక్కున కొరికింది.

ఇన్నాళ్ళకు రాణికి నవ్వొచ్చింది.

"నా ముగ్గురిలో ఒక్కడూ పుట్టి బుద్ధెరిగాక చీపురు పట్టలేదు," అంది. "ఇది నా కొడుకు కాదు, గుడ్లు కాస్తున్న అసలు చేప."

దోసిట్లో నీళ్ళతోసహా ఎత్తింది. తడి పైటచెంగుతో, పసివాడి కాటుక తుడిచినట్టు, చెవిచుక్క తుడిచేసింది.

"వద్దమ్మా! వద్దు!" అని మాంత్రికుడు లేవబోయాడు. లేవలేదు. బండమీద గలగలమని గవ్వలు రాలాయి, గుప్పెడు బూడిద రాలింది. అంతే.

రాణి చేపను గుంట దగ్గర వదిలింది. అది అటూ ఇటూ చూడకుండా మళ్ళీ ఊడవటం మొదలుపెట్టింది.

మడుగంతా కుతకుతలాడింది. తుమ్ముతూ, దగ్గుతూ, గాలపుకర్రలు పట్టుకుని మనుషులు లేచారు. ఆ గుంపులో ఎవరు ఎవరో తెలియక రాణి అటూ ఇటూ పరుగెత్తింది.

"అమ్మా! నువ్వెందుకొచ్చావు?" అన్నాడు పెద్దవాడు.

"వట్టి అటుకులేనా? బెల్లం తేలేదా?" అన్నాడు చిన్నవాడు.

నడిపివాడు ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ పిల్లెవర్రా?"

"వంగతోట రాజుగారి కూతురు మంజులవాణి, అమ్మా. ఈవిడా పొద్దుచేపకోసమే వచ్చిందట. నీళ్ళలో పక్కపక్కనే ఉండేవాళ్ళం."

"అత్తయ్యా, మీవాడు అటుకులన్నీ తనే తినేశాడు," అంది మంజులవాణి. రాణి ఆ పిల్ల తడి జుట్టు పిండి ముడి వేసింది.

లకుముకి ముందు ఎగిరింది. ఏడు సముద్రాలూ దాటి ఇల్లు చేరారు. గుమ్మంలోనే రాజు అడిగాడు, "చేప ఏదీ?"

రాణి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన మళ్ళీ అడగలేదు.

చేప ఎవరూ తేలేదు గనక రాజ్యం ముగ్గురిదీ అయింది. నడిపివాడికీ మంజులవాణికీ ఆకాశమంత పందిరి, భూదేవంత పీట వేసి పెళ్ళి చేశారు. అన్నదమ్ములు కలిసి అరవై ఏళ్ళు చల్లగా ఏలారు.

పెళ్ళి ఊరేగింపు తిరిగొచ్చిన సాయంత్రం మాణిక్యాంబ కోటగుమ్మంలో నిలబడింది. హారతిపళ్ళెం ఎవరికిచ్చిందో ఆమెకే తెలీదు. పెద్దవాడి భుజం తాకింది. "ఒకటి." నడిపివాడు. "రెండు." కోడలు. "మూడు."

చిన్నవాడు కనిపించలేదు. వీధంతా చూసింది. బాజాల వాళ్ళకూ వెనక, చెప్పు తెగి, కుంటుకుంటూ వస్తున్నాడు. వాడు గడప దాటేదాకా ఆమె కదలలేదు.

"నాలుగు," అంది.