దెబ్బ తగలని వీరుడు

ఈ కాలం సినిమాల్లో ఎగిరే వీరులకి దెబ్బే తగలదు, నాకు నచ్చదు. పోయిన మా ఆయన చెప్పిన కథ చెప్తా, వినండి.

సుంకులమ్మ తోలుబొమ్మలాడించేది. ఆమె మొగుడు చచ్చిపోయే ముందు ఆఖరుగా చేసింది రాక్షసుడి బొమ్మ.

ఆ సీమ రాజుకి ఆమె ఆటలో ఎగిరే వీరుడి బొమ్మంటే పిచ్చి. ఒకనాటి ఆటలో రాక్షసుడు ఆ వీరుణ్ణి కొట్టి పడగొట్టినాడు. "నా వీరుణ్ణి పడగొడతాడా? ఆ రాక్షసుణ్ణి పొయ్యిలో పెట్టు" అన్నాడు.

"వాడు లేకుండా ఒక్క ఆట చూడండి సామీ, ఆనక కాలుస్తా" అనింది.

తెర మీద వీరుడొక్కడే ఎగిరినాడు, దిగినాడు, మళ్లీ ఎగిరినాడు. జనం లేచి పోతాండారు. రాజుకి ఆవలింతలొచ్చినాయి.

"యుద్ధం యాడమ్మే?"

"ఎవురితో సామీ? రాక్షసుడు పొయ్యి కాడ ఉండాడు."

"తీసుకురా!"

"తెస్తే మీ వీరుడు పడతాడు."

"పడనీ! పడితే గదా లేచేది!"

సుంకులమ్మ మొగుడి బొమ్మని తెరకెత్తి, దెబ్బ చప్పుడు కోసం కాలికింద చెక్కని టపామని తొక్కింది. పోయిన జనమంతా పరుగున తిరిగొచ్చినారు.