గంపలపల్లెకు ఆ పేరెలా వచ్చింది

పూర్వం మందారగిరి అనే రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. తన వంశాన్ని ఎవరైనా పొగుడుతుంటే ఆయనకు ఆకలిదప్పులు తెలిసేవి కావు. ఆ సంగతి ఆస్థాన పండితుడు మృత్యుంజయ సోమయాజికి బాగా తెలుసు.

రాజ్యం పొలిమేరలో గంపలపల్లె అనే చిన్న ఊరుండేది. ఒకనాడు సోమయాజి సభలో లేచి ఆ ఊరి పేరుకు అర్థం చెప్పాడు. అసలు పేరు కంపనపల్లి అట. మహారాజుగారి ముత్తాత రణధీరవర్మ అక్కడ శత్రువుల మీద విరుచుకుపడితే ఆయన అడుగుల కింద భూమి కంపించిందట. పామరుల నోట్లో పడి కంపనం కాస్తా గంప అయిందట.

రాజు పొంగిపోయాడు. అక్కడ విజయస్తంభం నిలపాలన్నాడు. చుట్టూ తోట వేయాలన్నాడు. అందుకోసం ఇళ్ళన్నీ పీకించి ఊరివాళ్ళను ఎటో ఒకవైపు పంపెయ్యమన్నాడు.

ఆ కొలువులో కొండుభట్టు అనే విదూషకుడున్నాడు. అతని అత్తవారిది గంపలపల్లె పక్క ఊరే. అక్కడ అందరూ చెప్పుకునే కథ వేరు. అది చెబితే తన తల దక్కదు, చెప్పకపోతే పల్లె దక్కదు. కాసేపు ఆలోచించి, లేచి దణ్ణం పెట్టాడు.

"మహాప్రభూ, పండితుడు రాస్తే జీతం కోసం రాశాడంటారు. స్తంభం మీద ఆ ఊరివాళ్ళ మాటలే చెక్కిద్దాం. భయపడి నోరు విప్పరేమో, ముందుగా అభయమివ్వండి."

రాజుకు ఈ ఆలోచన తెగ నచ్చింది. నిండు సభలో అభయమిచ్చాడు. వాళ్ళేం చెబితే అదే అక్షరం పొల్లుపోకుండా చెక్కిస్తానని మాట కూడా ఇచ్చాడు.

మర్నాడు రాజు పరివారంతో, శిల్పితో పల్లెకు వెళ్ళాడు. ఊరందరిలోకీ పెద్దది ఓబుళమ్మ. ఆమె రాజును ఎగాదిగా చూసి, తడుముకోకుండా కథ చెప్పింది.

రణధీరవర్మ యుద్ధంలో ఓడి, కిరీటం ఎక్కడో పారేసుకుని, ఒంటరిగా పరిగెత్తుకుంటూ వచ్చాడట. ఓబుళమ్మ వాళ్ళ అవ్వ ఆయన మీద కోళ్ళగంప బోర్లించి, పక్కనే నూకలు చెరుగుతూ కూర్చుందట. శత్రుభటులు వచ్చి గంప కదులుతోందేమని అడిగితే, లోపల కోడి పొదుగుతోంది, ముట్టుకుంటే కళ్ళు పొడుస్తుందని కసిరిందట. వాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత రాజ్యం మళ్ళీ గెలుచుకున్న రణధీరవర్మే ఆ చోటుకు గంపలపల్లె అని పేరు పెట్టి, అక్కడి భూమి వాళ్ళకిచ్చాడట.

సోమయాజి మెల్లగా గుంపు వెనక్కి జరిగాడు. రాజు ముఖం కందగడ్డలా అయింది.

కొండుభట్టు శిల్పిని ఉలి తీయమని, ఎంతో వినయంగా రాజు వైపు తిరిగాడు.

"ప్రభూ, ముందు గంప చెక్కించమంటారా, కోడినా?"

"స్తంభమూ వద్దు, గింభమూ వద్దు" అన్నాడు రాజు పళ్ళు నూరుతూ.

"చిత్తం. స్తంభం లేనప్పుడు తోట ఎందుకు, తోట లేనప్పుడు ఇళ్ళు పీకడమెందుకు? ఊరు ఉన్నచోటే ఉంటుంది."

"అయితే సోమయాజి చెప్పిందంతా అబద్ధమేనా?"

"సగం నిజమే ప్రభూ. కంపించిన మాట వాస్తవం. భూమి కాదు, గంప."

నవ్వాలో కోప్పడాలో తేలక రాజు పెదవులు బిగపట్టి నిలబడ్డాడు. అది చూసి ఓబుళమ్మ దగ్గరికొచ్చింది.

"సిగ్గెందుకు నాయనా? ఆయన ఆ పూట దాక్కోబట్టే నువ్వు పుట్టావు. నీకూ అలాంటి పూట వస్తే ఇటే రా. కాకపోతే ముందుగా కబురంపు. నీ ఒళ్ళు చూస్తే ఇంకా పెద్ద గంప అల్లించాలి."

ఇక రాజు ఆపుకోలేకపోయాడు. బొజ్జ అదిరేలా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, తన భుజం మీది జరీ శాలువా తీసి కొండుభట్టుకు కప్పాడు. ఆ భూమి ఎప్పటికీ ఆ ఊరివాళ్ళదేనని అక్కడికక్కడే చాటించాడు. ఆ పూట ఓబుళమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, ఆమె పెట్టిన జొన్నరొట్టె తిన్నాకే కోటకు బయల్దేరాడు.