బూరుగు కన్నీళ్ళు, బెల్లం ముక్కలు

అనగనగా, అడవిలో కాదు, ఒక మేడ మీద బూరుగు అనే తెల్ల కుందేలు ఉండేవాడు. వకుళ అనే పిల్ల వాణ్ణి పెంచుకునేది.

రోజూ పొద్దున్నే వకుళ గుప్పెడు ఎండుగడ్డి వేసేది. బూరుగుకి గడ్డంటే గిట్టదు. ఆమె అటు తిరగ్గానే దాన్ని తను పడుకునే గోనెపట్టా కిందికి తోసేసి, బుద్ధిమంతుడిలా మూతి తుడుచుకునేవాడు.

ఒకరోజు వాడి ఎడమ కంట్లోంచి నీరు కారింది.

"అయ్యో, నా బంగారం ఏడుస్తున్నాడు!" అని వకుళ అరటిపండు ముక్క పెట్టింది.

మర్నాడూ కారింది. బిస్కెట్ వచ్చింది. ఆ మర్నాడు కారకముందే బూరుగు మొహం వేలాడేశాడు. బెల్లం ముక్క వచ్చింది!

"భలే కన్ను!" అని మురిసిపోయాడు.

పిట్టగోడ మీంచి ఉడుత ఇదంతా చూస్తోంది.

"ఒరేయ్ బూరుగూ, ఏదీ, నోరు తెరువు!"

తెరిచాడు. ఉడుత గతుక్కుమంది.

"అవేం పళ్ళురా, పలుగుల్లా! మన పళ్ళు పెరుగుతూనే ఉంటాయి. నమిలితేనే అరుగుతాయి. నేను ఊసుపోక కొబ్బరి చిప్పలు కొరుకుతున్నాననుకున్నావా? నీ పంటి వేళ్ళు లోపలికి పెరిగి, కంటినీరు పోయే దారిని నొక్కేస్తున్నాయి. ఆ గడ్డి సంగతి వకుళకి చూపించు. లేకపోతే కన్ను పోతుంది."

"చూపిస్తే బెల్లం ఆగిపోతుంది కదా పిన్నీ! నీకూ సగం పెడతాలే."

"నీ ఎంగిలి నాకెందుకురా!" అని ఉడుత తోక ఊపుకుంటూ పోయింది.

కన్ను ఎర్రబడింది. ఆనక చీము పట్టి అతుక్కుపోయింది. వకుళ బెంగపడి, ఏకంగా పండంతా ఒలిచి వాడి ఎడమ పక్కన పెట్టింది. కాకి దర్జాగా అటునుంచే నడిచొచ్చి ఎత్తుకుపోయింది.

"నా పండేదీ?"

"నీ పక్కనుంచే పోయిందిరా," అంది ఉడుత. "ఇలాగే ఉంటే ఆ రెండో కన్నూ అంతే."

వకుళ ఎప్పుడొస్తుందా అని బూరుగు ఎదురుచూశాడు. వకుళ రాగానే గోనెపట్టాని పళ్ళతో పట్టి లాగబోయాడు. ప్రాణం పోయేంత నొప్పి! చివరికి కాళ్ళతో గీరి గీరి పక్కకి తోశాడు. కిందనున్న గడ్డి కుప్ప బయటపడింది.

"దొంగ వెధవా! ఒక్క పోచా తినలేదా?" అని వకుళ వాణ్ణి చంకనేసుకుని పరిగెత్తింది.

పశువుల డాక్టరమ్మ పళ్ళు అరగదీసి, కన్ను కడిగి చుక్కలు వేసింది. "కొద్దిలో తప్పింది. ఇక వీడికి గడ్డే!" అంది.

కన్ను తెరుచుకుంది. వకుళ గడ్డి వేసి, అక్కడే బాసింపట్టు వేసుక్కూర్చుంది. బూరుగు మొహం వేలాడేశాడు. చుక్క రాలలేదు.

"ఏడవరా, బెల్లం వస్తుందేమో!" అంది ఉడుత.

"నోటినిండా గడ్డి పెట్టుకుని ఎలా ఏడవను పిన్నీ?" అన్నాడు బూరుగు, కరకరా నములుతూ.

నీతి: ముద్దు చేస్తారని జబ్బుకి కారణం దాచిపెడితే, ముద్దు ఎంత చేసినా జబ్బు తగ్గదు.