మూడు పుంజులు, మూడు తెల్లవార్లు

వరహాలు ఇంతవరకూ పైకి అనని మాట ఒకటుంది. కోడిపిల్లల్లో ఏది పుంజో ఏది పెట్టో ఆమెకి తెలీదు.

తెలీదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎలా తెలుస్తుంది? ఆ ఇంటికంతటికీ చదువుకున్నది వరహాలొక్కతే. బడిలో కాదు. పదో తరగతి తప్పాక ఇంట్లో కూర్చుని, ఫోనులో వీడియోలు చూసి, పకోడీలు కట్టిచ్చిన కాగితాలు కూడా నూనె తుడిచి చదివి, తనకి తానే చదువుకుంది.

"మా వరాలుకి తెలీనిది లేదు" అంటాడు తండ్రి అప్పలనాయుడు.

"అందరికీ పుడతారేటి ఇలాంటి పిల్లలు?" అంటుంది తల్లి పైడమ్మ.

"మనింట్లో అందరం తెలివైనోళ్ళమే. దానికి కాస్త ఎక్కువ" అంటాడు అన్న సన్నిబాబు.

నిజమే, ఆ ఇంట్లో ఆలోచించకుండా ఏ పనీ చెయ్యరు. కూరలో ఉప్పు వెయ్యాలన్నా నలుగురూ కూర్చుని ఆలోచిస్తారు. ఆలోచన తేలేసరికి కూర మాడుతుంది.

పక్క ఊళ్ళో ఉండే మేనత్త నూకరత్నానికి కోళ్ళ పెంపకం కొట్టిన పిండి. ఆమె ఎనిమిది పిల్లల్ని గంపలో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. "ఈ కాసిన్ని పెట్టలకి ఒక్క పుంజు చాలే వరాలూ. పుంజులు ఎక్కువైతే పెట్టల్ని బతకనివ్వవు. ఉండు, ఏది ఏదో చూపించి వెళ్తాను" అంది.

"అక్కర్లేదత్తా, నాకు తెలుసు" అంది వరహాలు.

అంతే. ఆ మూడు ముక్కలే కొంప ముంచాయి.

నెల తిరిగాక, ఛాతీ విరుచుకుని నడుస్తున్న రెండింటిని పట్టి, ఇవి పుంజులని అత్తకి తిప్పి పంపేసింది. ఆ రెండూ ఇప్పుడు అత్త ఇంట్లో గుడ్లు పెడుతున్నాయి. ఇక్కడ మిగిలినవి ఆరు. ఒక పుంజు, ఐదు పెట్టలు అని వరహాలు తేల్చింది. పోనుపోను ఆ ఐదు పెట్టల్లో రెండింటికి ఎర్రగా జుట్టు, వంపుగా తోక వచ్చాయి.

"పెట్టలకి ఇంతేసి తోకలేటే?" అని అడిగింది పైడమ్మ.

"మేత బాగా పడితే అలాగే వస్తాయమ్మా."

ఒక సోమవారం చీకటితో ఆ రెండూ అసలు పుంజుతో కలిసి కూత మొదలెట్టాయి. ఇంకేముంది, మూడు పుంజులు! "ఇదొక కొత్త పద్ధతి" అని చెప్పింది వరహాలు. ఇంటిల్లిపాదీ గర్వంగా తలూపారు.

ఆ ఇంటికి తాత పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పుంజు కూస్తే తెల్లారినట్టు. తెల్లారగానే లేచి, తానం చేసి, గోడ మీది క్యాలెండరులో ఒక కాగితం చింపాలి. మొదటి పుంజు కూసింది. లేచారు, తానాలు చేశారు, సోమవారం వచ్చిందని కాగితం చింపారు. తల తుడుచుకుంటూ ఉండగానే రెండోది కూసింది. మళ్ళీ తానాలు, మంగళవారం. టీ పొయ్యి మీద పెట్టేలోపు మూడోది. బుధవారం.

"రోజులు ఎంత తొందరగా గడిచిపోతున్నాయో!" అన్నాడు అప్పలనాయుడు, వణుకుతూ.

మర్నాడు మొదటి కూతకి గురువారం వచ్చింది. గురువారమంటే సంత. అప్పలనాయుడు సంచి పట్టుకుని బయల్దేరాడు. సంత మైదానంలో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. 'అందరికంటే ముందు నేనే వచ్చాను' అని మురిసిపోయి, కాసేపు కూర్చుని, ఇంటికొచ్చాడు. ఈలోపు ఇంట్లో మరో రెండు కూతలు అయిపోయాయి. గుమ్మంలో పైడమ్మ కొంగు దోపుకుని నిలబడింది.

"గురువారం వెళ్ళిన మనిషివి శనివారం వస్తావా? రెండు రాత్రులు ఎక్కడున్నావయ్యా?"

"సంతలోనే ఉన్నానే!"

"రెండు రోజులూనా? ఏ ముండ కోసం?"

"కుక్క తప్ప ఎవరూ లేరే తల్లీ!"

వరహాలు ఫోను చూసింది. ఫోనులో మంగళవారం అని ఉంది. ఆమెకి అంతా అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. చెప్తే మూడు పుంజులు ఎందుకున్నాయో కూడా చెప్పాలి. నోరు మూసేసింది.

"ఫోను పాతదైపోయింది, పాపం. రోజులతో పరిగెత్తలేకపోతోంది" అన్నాడు సన్నిబాబు, ఫోనులోకి తొంగి చూసి.

పుంజులు మొదట కూసిన ఆ సోమవారమే, మూడు పెట్టల్లో ఒకటైన చుక్కల పెట్ట తొమ్మిది గుడ్ల మీద పొదుగుకి కూర్చుంది. అత్త ముందే మాటిచ్చి ఉంది. "నా మోకాళ్ళు పట్టేశాయే వరాలూ. ఆ తొమ్మిదింటినీ పిల్లల్ని చేసి చూపించు, నా నలభై కోళ్ళూ నీ చేతిలో పెడతాను. ఇరవై ఒకటో రోజున వస్తాను." నలభై కోళ్ళు! తనదంటూ ఒక పని! వరహాలు తొమ్మిది గుడ్లనీ రోజుకి పదిసార్లు మనసులో లెక్కపెట్టుకునేది.

కానీ పెరట్లో యుద్ధం జరుగుతోంది. మూడు పుంజులూ నెత్తురొచ్చేలా పొడుచుకుంటున్నాయి. మిగిలిన రెండు పెట్టల వీపుల మీద ఈకలు రాలిపోయి, బోడిగా, ఎర్రగా తేలాయి. అవి తమ గంప కిందనుంచి బయటికి రావడం మానేశాయి. బుధవారం వరహాలు ఉండబట్టలేక అత్తకి ఫోను చేసింది.

"అత్తా, పుంజు తెగ కొట్టుకుంటోంది."

"ఎన్ని పుంజులున్నాయే?"

"ఒక్కటే."

"ఒక్కటి దేంతో కొట్టుకుంటోందే?"

"అద్దంతో."

"నీ మొహం! రెండున్నా మూడున్నా ఒకదాని మొహం ఒకదానికి కనపడకుండా చెయ్యండి. ఫోను ఆ పొదుగు పెట్ట దగ్గరే పెట్టుకో. ఏదైనా అయితే వెంటనే చెప్పు."

పక్కనుంచి ఇల్లంతా వింది. పైడమ్మ ఫోను తీసుకుని పొదుగు గంప వైపు వెళ్ళింది. సన్నిబాబు పాత లుంగీ చింపి మూడు టోపీలు కుట్టి, పుంజుల తలలకి మెడదాకా తొడిగి కట్టాడు. ఇంకేముంది, మొహాలు కనపడలేదు. వాటికి లోకమే కనపడలేదు. మర్నాడు ఒక్క పుంజూ కూయలేదు. కూయలేదు కాబట్టి తెల్లారలేదు. తెల్లారలేదు కాబట్టి ఎవరూ లేవలేదు. ఎండ కిటికీలోంచి వచ్చి అప్పలనాయుడి మూతి మీద పడింది.

"ఈ రాత్రి ఎంత వేడిగా ఉందిరా" అని అటు తిరిగి పడుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం పాకలో గేదె, పాలు తీసేవాళ్ళు లేక, పొదుగు బరువుకి అరిచి అరిచి కట్టుతాడు తెంపుకుంది. అప్పుడు వరహాలు ఎవరూ చూడకుండా పాక్కుంటూ వెళ్ళి టోపీలు విప్పింది. మూడూ వరసగా కూశాయి. మూడు తానాలు, మూడు కాగితాలు.

ఆదివారం మూడో కూతకి క్యాలెండరులో ఇరవై ఒకటో కాగితం చిరిగింది. అప్పలనాయుడు పొదుగు గంప ముందు గొంతుక్కూర్చుని, గుడ్డు మీద వేలితో తట్టాడు.

"తెల్లారింది, లేవండర్రా!"

ఎవరూ లేవలేదు. "తలుపు తెరవడం రాక లోపలే ఉండిపోయాయి నాన్నా" అని సన్నిబాబు ఒక గుడ్డు తీసి, వరహాలు అందుకునేలోపు, గంప అంచుకి కొట్టాడు.

పచ్చసొన మీద దారాల్లాంటి ఎర్రటి నరాలు. నడుమ కందిగింజంత ప్రాణం. కాసేపు కొట్టుకుంది. ఆగిపోయింది.

సన్నిబాబు మెల్లిగా అన్నాడు, "ఇది బద్ధకపుది. ఇంకోటి చూద్దాం." చెయ్యి రెండో గుడ్డు మీదికి వెళ్ళింది.

వరహాలు గంపకి అడ్డం పడింది. "ముట్టుకోకు! ఏడు రోజులే అయింది! మూడు పుంజులు కూస్తే మూడు రోజులు కాదురా, ఒక్క రోజే. నాకు మంగళవారంనాడే తెలిసింది. అసలు నాకు పుంజేదో పెట్టేదో తెలీదు. పెట్టల్ని అత్తకి పంపేసి పుంజుల్ని ఉంచుకున్నాను. కొత్త పద్ధతి లేదు, ఏమీ లేదు!"

అప్పలనాయుడు చాలాసేపు ఆలోచించాడు. "అంటే పద్నాలుగు రోజులు ముందుకొచ్చేశాం. అంతేనా? దానికేడుపెందుకే, వెనక్కి పెట్టేద్దాం." చింపిన కాగితాలు ఏరి, అన్నం మెతుకులు రాసి, క్యాలెండరుకి అతికించడం మొదలెట్టాడు. బోడి వీపుల పెట్టలు రెండూ తమ గంప కిందనుంచి మొదటిసారి బయటికొచ్చి, మెతుకులన్నీ పొడుచుకు తిన్నాయి. రోజులన్నీ మళ్ళీ రాలిపోయాయి.

వరహాలు కళ్ళు తుడుచుకుంది. ఇంకా ఎనిమిది గుడ్లున్నాయి. ఇంకా పద్నాలుగు నిజమైన రోజులున్నాయి. ఈ మూడు పుంజుల్నీ ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది.

"అమ్మా, ఫోనేది?"

"పెట్ట దగ్గరే ఉంది. అత్త చెప్పింది కదా."

వరహాలు గంపలోకి వంగి చూసింది. గంపలో లేదు. చుక్కల పెట్ట కింద చెయ్యి పెట్టింది. గుడ్ల నడుమ నున్నగా, పలకగా తగిలింది.

పైడమ్మ లబోదిబోమంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది. "తియ్యకే! దాన్ని పెట్టి నాలుగు రోజులే అయింది. ఇప్పుడు తీస్తే ఆ గుడ్డులాగే అవుతుంది!"

సిగ్గుచేటు కానీ, వరహాలు కూడా ఒక్క క్షణం వేళ్ళ మీద లెక్కపెట్టింది. తర్వాత ఫోను బయటికి లాగేసింది. వెచ్చగా ఉంది.

అప్పలనాయుడు ఆ ఖాళీ చోటుని చూశాడు. నేల మీది కాగితాలు చూశాడు. మొహం వెలిగింది. పద్నాలుగు కాగితాల్నీ ఒద్దికగా మడిచి, చుక్కల పెట్ట కిందికి తోశాడు.

"కూర్చో అమ్మా. పోయిన రోజులన్నీ పొదిగి పెట్టు."

పెట్ట సర్దుకుని కూర్చుంది. నలుగురిలో ముగ్గురు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

వరహాలు ఇంటి వెనక్కి వెళ్ళి, చెప్పాల్సింది ఒకసారి పైకి అనుకుని చూసుకుంది. "అత్తా, నాకు తెలీదు." అవీ మూడు ముక్కలే. అత్త నంబరు నొక్కడానికి వేలు పెట్టింది.