బంగారు చేప వెనక ఈదినవాడు

అనగా అనగా రెల్లుపురానికి ఒక రాజు. పేరు మకరభూపతి. కడియాలు లెక్కపెట్టడం తప్ప ఆయనకు మరో లెక్క రాదు. నవ్వకండి, రాజులకు అంతకన్నా పనేముంటుంది!

ఆ ఊళ్లో ఏటా ఉగాదినాడు ఏట్లో ఈత పందెం. ఒక ఉగాదికీ మరో ఉగాదికీ మధ్య పుట్టిన పిల్లలంతా ఒక జట్టు. గెలిచినవాడి చేతికి వెండి కడియం. రాజు కొడుకుల్లో పెద్దవాడు వీరకేతు, నడిపివాడు జయకేతు ఉగాది వెళ్లిన వారానికే పుట్టారు. జట్టులో అందరికన్నా పెద్దవాళ్లు కనక ఒకడికి పది కడియాలు, ఒకడికి ఏడు. చిన్నవాడు చంద్రకేతు ఉగాది ముందురోజు పుట్టాడు. ఎప్పుడూ తనకన్నా ఏడాది పెద్దవాళ్లతో ఈదాలి, ఎప్పుడూ వెనకే. ఒక్కరోజు ఆగి పుడితే నీ సొమ్మేం పోయేదిరా అని అన్నలు ఏడిపించేవాళ్లు.

ఇంతలో మసిరేడనే మాంత్రికుడు రాణిని ఏడు సముద్రాల అవతలి దీవికి ఎత్తుకుపోయాడు. పోతూపోతూ శపించాడు. ఏడాదికేడాది ఆమె పాదాల నుంచి పైకి రాయవుతుంది, రాయైంది మళ్లీ ఒళ్లు కాదు. వాడి ప్రాణమేమో చిలకలో ఉంది.

చిన్నవాడు నేను వెళ్తానన్నాడు. ఈత నేర్పే పోలయ్య కూడా రాజుకు చెప్పి చూశాడు.

“మారాజా, పెద్దబాబుల ఈత నిరుడెంతో ఈ ఏడూ అంతే. చినబాబు ఏటికేడాదీ ముందున్నవాళ్లకి పది బారలు దగ్గరవుతున్నాడు.”

“కడియాలెన్ని?” అన్నాడు రాజు.

పెద్దవాడు బయల్దేరాడు. ఆరు సముద్రాలూ దాటాడు. ఏడోదాంట్లో ఒక బంగారు చేప ముందు ఈదసాగింది. తనకన్నా ముందు ఒకరుండటం వాడు పుట్టాక చూళ్లేదు. దాన్ని దాటాలని గుండెలదిరేలా ఈది, సత్తువ పోయి, చెక్కముక్క పట్టుకుని తిరిగొచ్చాడు. రాణి మోకాళ్లదాకా రాయైంది.

చిన్నవాడు మళ్లీ అడిగాడు. రాజు మళ్లీ కడియాలు లెక్కపెట్టాడు. నడిపివాడు వెళ్లాడు, వాడూ చెక్కముక్కతోనే వచ్చాడు. రాణి నడుందాకా రాయైంది.

ఇక పంపడానికి ఎవరూ మిగల్లేదు కనక చిన్నవాణ్ని పొమ్మన్నారు.

ఏడో సముద్రంలో చేప వెనక్కి చూసింది. “నన్ను దాటవా అబ్బాయ్?”

“దాటేవాణ్నైతే మా నాన్న నన్ను ముందే పంపేవాడు. నువ్వు పద, నాకు వెనక ఈదడం అలవాటే.”

చేప పకపకా నవ్వి, తిన్నగా దీవికి తీసుకుపోయింది. అక్కడ చిలక్కి గింజలు వేసే రత్నమాల అనే పిల్ల పంజరం చూపించింది. చిలక మెడ విరిగింది, మసిరేడు బూడిదయ్యాడు.

తల్లి కొడుకు తల నిమిరింది. “ఇంత ఈత వచ్చినవాడివి, మొదటే ఎందుకు రాలేదురా?”

“కడియాల్లేవమ్మా.”

రాయైనా మోస్తానులే అని చేప అందర్నీ ఒడ్డుకు చేర్చింది.

చంద్రకేతు రత్నమాలను పెళ్లాడి అరవై ఏళ్లు రాజ్యమేలాడు. పొద్దున్నే తల్లిని తనే ఎత్తుకొచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టేవాడు. వచ్చినవాళ్లందరితో ఆమె నవ్వుతూ మాట్లాడేది. ముసలిరాజు వస్తే మాత్రం, లేచి వెళ్లిపోలేదు కదా పాపం, మొహం తిప్పుకునేది.