నూరు కడవలు పోస్తే నూట అరవై వచ్చిన మిల్లు

అడవి అంచున, కాలువ గట్టు మీద దున్నపోతు వీర్రాజుకి ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. వడ్లు నానబెట్టాలన్నా, ఆవిరి పట్టాలన్నా నీళ్ళు కావాలి. నీళ్ళొచ్చే తూమూ, మురుగు పోయే బోదే రెండూ నక్క పేర్రాజు చేతిలో ఉన్నాయి. కడవ నీళ్ళు వాడితే నీటికి ఒక మానెడు తవుడు, మురుగుకి ఇంకో మానెడు పేర్రాజుకి కొలవాలి. మురుగునైతే ఎవరూ ఏనాడూ కొలిచి చూడలేదు.

"లోపలికెళ్ళిన నీళ్ళు బయటికి రాక ఎక్కడికి పోతాయండీ వీర్రాజు గారూ?" అనేవాడు పేర్రాజు. దానికి వీర్రాజు తలూపి తవుడు కొలిచేవాడు. తలూపడంలో దున్నపోతుని మించినవాడు లేడు.

నక్కలు తవుడు తింటాయా అని అడగకండి. గుమ్మంలో పోసుకుని కూర్చుంటే కోళ్ళు వాటంతటవే వస్తాయి.

ఇక్కడ ఏడుపంతా ఎద్దు సింహాచలానిది. మిల్లులో నీళ్ళు మోసేది అతనే, అతని కూలీ తవుడే. తవుడంతా నక్కింటికి పోతుంటే నెల రోజులుగా ఊక నములుతున్నాడు. డొక్కలు బయటపడ్డాయి. అది చాలదన్నట్టు ఆరోజు వీర్రాజు పిలిచి, "ఒరేయ్, ఈ వారం కూడా తవుడు మిగలకపోతే మిల్లు మూసేస్తాను. నీ దారి నువ్వు చూసుకో," అన్నాడు.

"నీళ్ళు తగ్గిద్దామండి అయ్యగారూ."

"తగ్గిస్తూనే ఉన్నాను కదరా! ఉల్లిపాయలు కొయ్యొద్దన్నాను, కన్నీళ్ళు దండగని. మిల్లులో పనిచేసే బాతుల్ని రెక్కలు విదల్చకుండా నడవమన్నాను. నువ్వు కూడా చెమట పట్టకుండా మోయాలి మరి."

ఈ మాటలన్నీ వీర్రాజు వడ్లు నానబెట్టే తొట్టిలో మెడదాకా పడుకుని చెబుతున్నాడు. ఆయన చెవి ఆడించినప్పుడల్లా ఒక చెంబెడు నీళ్ళు బోదెలోకి పొర్లిపోతున్నాయి.

"అయ్యగారూ, ముందు తమరు తొట్టిలోంచి లేస్తే..."

"యజమాని చల్లగా లేకపోతే పొదుపు గురించి ఆలోచించేదెవడ్రా?"

ఎదురుగా కొట్టులో నానిన వడ్లు ఉబ్బి ఉన్నాయి. పైన పొగగొట్టంలోంచి ఆవిరి బుస్సుమని పోతోంది. వాటిని చూస్తూ సింహాచలం చాలాసేపు ఊక నమిలాడు. తర్వాత వెళ్ళి పేర్రాజుని పిలుచుకొచ్చాడు.

"నక్క గారూ, వడ్లు కొన్ని నీళ్ళు తాగుతున్నాయి, ఆవిరై కొన్ని పోతున్నాయి. బోదెలోకి రాని నీళ్ళకి కూడా తవుడు కొలుస్తున్నామేమోనండి. ఓసారి బోదె మొగలో కొలుద్దాం."

పేర్రాజు కళ్ళు మెరిశాయి. "బోదెలో ఎంత వస్తే అంతకే మురుగు రుసుము. అంతేగా? ఎంత వచ్చినా సరేనా?"

"ఎంత వచ్చినా సరేనండి."

"దానికేం భాగ్యం!" అన్నాడు పేర్రాజు.

కొలిచే పని తాబేలు కామేశానికిచ్చారు. లెక్క తప్పడనీ, తొందరపడే అలవాటు లేదనీ అడవంతా ఎరిగినదే. బోదె మొగలో కడవ పట్టే రాతితొట్టి కట్టారు. అది నిండినప్పుడల్లా కామేశం అడుగు బిరడా లాగి ఖాళీ చేసి, ఒక గులకరాయి పక్కన పెట్టాలి. ఆ రోజు అందరూ చూస్తుండగా సింహాచలం సరిగ్గా నూరు కడవల నీళ్ళు మిల్లులో పోశాడు. వీర్రాజుని నలుగురూ కలిసి తొట్టిలోంచి లాగి చెట్టునీడన పడుకోబెట్టారు. ఆయన అలిగి నిద్రపోయాడు.

మధ్యాహ్నానికి మిల్లు పని ముమ్మరమైంది. ఎవరూ ఇటు చూడని సమయం కనిపెట్టి పేర్రాజు తూము దగ్గరికెళ్ళి, పక్కనున్న చెక్క కాస్త ఎత్తాడు. కాలువ నీళ్ళు మిల్లు మొహం చూడకుండా తిన్నగా బోదెలోకి పోయాయి. రెండు కడవలు వదిలితే దొరికేవాడు కాదు. కానీ కడవకో మానెడని గుర్తొచ్చేసరికి చెక్క దింపబుద్ధి కాలేదు.

సాయంత్రం కామేశం గులకరాళ్ళు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు.

"పోసింది నూరు. వచ్చింది నూట అరవై."

వీర్రాజు గుండెలు బాదుకున్నాడు. "చంపేశావు కదరా సింహాచలం! ఉన్న నూరూ పోయి నూట అరవై మీదపడ్డాయి!"

"తవుడు కొలవండి మరి," అన్నాడు పేర్రాజు, సంచి నోరు విప్పుతూ.

"కొలుస్తామండి," అన్నాడు సింహాచలం. "అయ్యగారూ, మీరు ఏడుస్తారేంటండీ! నూరు పోస్తే నూట అరవై వచ్చిందంటే మన మిల్లులో ఊట పడింది. ఇంట్లో ఊట పెట్టుకుని కాలువ నీళ్ళు కొనడం దేనికి? ఈ పూటే తూముకి బంకమట్టి మెత్తేద్దాం. మురుగు కూడా మన దొడ్లోకే తిప్పుకుని బీరపాదులకి పెట్టుకుందాం. ఇక పేర్రాజు గారికి శ్రముండదు."

వీర్రాజు తలూపాడు. బాతులు అప్పటికే మట్టి తొక్కడం మొదలుపెట్టాయి.

పేర్రాజు బాతులకి అడ్డం పరిగెత్తాడు. తూము మూస్తే నీటి తవుడూ పోయె, మురుగు తవుడూ పోయె. "ఆగండాగండి! ఊటా లేదు, గీటా లేదు!"

"లేకపోతే అన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?"

"అవి కాలువ నీళ్ళు! పక్క చెక్క ఎత్తి నేనే వదిలాను!"

"ఏమో, నమ్మకం కుదరడం లేదండి. ఏ నాలుగైదు కడవలో వదిలి ఉంటారు."

"నాలుగైదేంటయ్యా! నిలబడి లెక్కపెట్టి మరీ నూరు కడవలు వదిలాను!" అన్నాడు పేర్రాజు, తన పనితనాన్ని తక్కువ చేస్తున్నారన్న కోపంతో.

కామేశం నిదానంగా నూరు గులకరాళ్ళు ఒక పక్కకి జరిపాడు. మిగిలినవి అరవై.

"అయితే మిల్లు మురుగు అరవయ్యే," అన్నాడు.

పేర్రాజు విప్పిన సంచి నోరు మళ్ళీ కట్టుకున్నాడు. మింగలేడు, కక్కలేడు. ఆనాటి నుంచి మురుగు రుసుము నూటికి అరవైకే కుదిరింది. తూముకి మట్టి మెత్తకుండా ఉండాలంటే తప్పదు కాబట్టి, ఇన్నాళ్ళూ నూటికి నలభై చొప్పున ఎక్కువ పట్టుకెళ్ళిన తవుడంతా పేర్రాజు తన వీపు మీదే మోసుకొచ్చి మిల్లు గుమ్మంలో పోశాడు. పదకొండు రోజులు పట్టింది. సింహాచలం ఆ గుమ్మంలోనే కూర్చుని, మూతి నిండా తవుడు పూసుకుని, ఒక్కో సంచీ దగ్గరుండి దింపించుకున్నాడు.

నీతి: ఎదుటివాడి దగ్గర ఎక్కువ లాగాలని కొలతలో చెయ్యి పెట్టినవాడు, ఆ కొలతకి తానే సాక్షి అవుతాడు.