డప్పులు విన్న చేపలు

వానలు వెనకబట్టి, ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లు తేటపడ్డాయి. సరదాగా గాలం వేద్దామని దివానుగారు చేపలు పట్టే పైడితల్లి పడవెక్కారు. ఆయన రాకను చాటే డప్పులు వెనక పడవలో మోగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం దాటినా ఒక్క చేపా పడలేదు.

“పొద్దుగుంకేలోగా పండుగప్ప పడకపోతే నీ పడవ లాక్కుంటాను,” అన్నారాయన.

ఆ పడవే పైడితల్లి బతుకు.

“మొన్న దివాణం వంటకి కోళ్లు పట్టుకెళ్లడానికి మా ఊరొచ్చారు కదా బాబూ, ఈ డప్పులతోనే. ఎన్ని దొరికాయి?”

“మీ ఊళ్లో కోళ్లే లేవుగా!”

“ఈ ఏట్లో చేపలూ అంతే బాబూ.”

దివానుగారు వెనక పడవకేసి చూసి డప్పులు ఆపించారు. సాయంత్రానికి మూరెడు పండుగప్ప పడింది.

పడవ దిగుతూ మీసం దువ్వి అడిగారు: “ఇంతకీ మీ ఊళ్లో కోళ్లెన్నే?”

“ఈసారీ డప్పులతోనే రండి బాబూ, మీరే లెక్కపెట్టుకుందురు.”